‘హా-ఆరెత్స్’: భూమియా, దేశమా?

ప్రశ్న: తెలుగు వార్తలలో ‘హారెట్జ్’ అని కనిపించే హీబ్రూ దినపత్రిక పేరుకు ‘భూమి’ అని అర్థం చెప్పవచ్చునా?

జవాబు: నిఘంటువు ప్రకారం తప్పు కాదు. ‘ఎరెత్స్’ అంటే నేల, భూమి, దేశం. దాని ముందు ‘హ’ (ఇంగ్లీషు ‘the’ వంటి ఉపపదం) చేరినప్పుడు మొదటి అచ్చు మారి ‘హా-ఆరెత్స్’ అవుతుంది. అయితే పత్రికలలో అచ్చుల గుర్తులు వేయరు కనుక, హే, ఆలెఫ్, రేష్, సాదే అనే నాలుగు అక్షరాలే అచ్చవుతాయి. ఈ మార్పును చదువరి నోరే చేసుకోవాలి. హీబ్రూ బైబిలు మొదటి వాక్యం ఈ మాటతోనే ముగుస్తుంది. మన అనువాదంలో ‘భూమ్యాకాశములను’ అన్న సమాసంలో భూమి ముందుకు వచ్చింది కాని, మూలంలో ఆకాశం ముందు, భూమి చివర.

అసలు చిక్కు ఆ ‘హ’ దగ్గర ఉంది. పాలస్తీనాలో బ్రిటిష్ సైనిక ప్రభుత్వం 1918లో వెలువరించిన ఈ పత్రిక తొలి పేరుకు ‘పుణ్యభూమి నుండి వార్తలు’ అని అర్థం. 1919లో అది ప్రభుత్వం చేతి నుండి జియోనిస్టుల (పాలస్తీనాలో యూదులకు స్వదేశం కావాలన్నవారి) చేతికి వచ్చిన తరువాత పుణ్యమూ పోయింది, వార్తలూ పోయాయి, ‘హా-ఆరెత్స్’ మాత్రం మిగిలింది. ఏ దేశమో చెప్పనక్కరలేదన్న ధీమా ఆ ‘హ’లో ఉంది. నేటికీ ఇజ్రాయెల్‌లో ‘బా-ఆరెత్స్’ అంటే స్వదేశంలో అని, ‘హూత్స్ లా-ఆరెత్స్’ అంటే విదేశమని అర్థం. హైదరాబాదులో ఉంటున్నవారు పండక్కి ‘ఊరెళ్తున్నాం’ అంటే ఏ ఊరని ఎవరూ అడగరు. మనకు అటువంటి ఉపపదం లేకపోయినా పని జరిగిపోతున్నది. అందుచేత ‘భూమి’ కన్న ‘దేశం’ నయమని, ఆ దేశం మనదేనన్న ధ్వని అందులోనూ రాలేదని నా అభిప్రాయం.

జర్మనీలో పెద్ద దుకాణాలు నడిపిన సల్మాన్ షోకెన్ 1930లలో దీనిని కొన్నారు; ఆయన కుమారుడు గెర్షోమ్ 1939 నుండి 1990 వరకు, అంటే అర్ధశతాబ్దం, సంపాదకుడుగా ఉన్నారు. అమ్మకాలలో ‘యెదియోత్ అహరోనోత్’ (‘తాజా వార్తలు’) వంటి పత్రికల కన్న వెనుకబడినా, చదువుకున్నవారిలో దీని మాటకు బరువు ఎక్కువ. పేరులో దేశాన్ని అంత ధీమాగా చెప్పుకున్న పత్రికే, 1967లో ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా ప్రాంతాలపై దాని పెత్తనాన్ని ఏళ్ల తరబడి విమర్శిస్తూ వస్తున్నది. పత్రిక విలేఖరి అమీరా హాస్ ఆ ప్రాంతాలలోని గాజాలోను, తరువాత రామల్లాలోను నివసిస్తూ అక్కడి నుండే రాశారు. ‘హా-ఆరెత్స్’ ఎంతవరకు అన్నదే ఆ దేశపు తగవు కనుక, ఈ పేరు నాకు ప్రతిరోజూ అచ్చయ్యే ప్రశ్నలా తోస్తుంది.

అనుబంధ ప్రశ్న: హీబ్రూలో ‘పత్రిక’ను ఏమంటారు?

జవాబు: ‘ఇత్తోన్’ అంటారు. ‘ఎత్’ అంటే కాలం; దానికి ‘ఓన్’ చేర్చి ఎలియెజెర్ బెన్ యెహూదా కల్పించిన మాట ఇది. ఆయన జెరూసలేములో స్వయంగా పత్రిక నడిపినవాడే. మన మాట ఆకు అనే అర్థమున్న ‘పత్రం’ నుండి వచ్చింది, వారిది కాలం నుండి.