సమస్య: ఐదు పతకములను గాంచి యమ్మ యేడ్చె

నిర్వాహకుడు: రాత్రి అర్జెంటీనా టాంగో గాయకుడు గార్దెల్ పాడిన 'సిలెన్సియో' పాట విన్నాను. 1933 నాటి 'మెలోడియా దె అర్రబాల్' సినిమాలోది, సాహిత్యం లె పేరా. ఐదుగురు కొడుకులు రోజూ తల్లి నెరిసిన జుట్టుకి ముద్దుపెట్టి కార్ఖానాకి వెళ్ళేవాళ్ళు. ఫ్రాన్సు పొలాల్లో యుద్ధం. తల్లికి మిగిలినవి ఐదు పతకాలు. అప్పుడే ఈ పాదం తట్టింది. క్రీడాపతకాలు వద్దు, టాంగోలోనే ఉండండి.

గట్టుమీద రావి:
కొడుకు లైదుగు రనికేగి కూలినారు
దేశ మిచ్చిన బహుమతి తెచ్చి రింటి
కెవరొ, పేరులు చెక్కిన గెలుపు గుర్తు
ఐదు పతకములను గాంచి యమ్మ యేడ్చె

మానేటి ఒడ్డు: రావిగారూ, 'ఇంటి కెవరొ' విరుపు బాగుంది, ఆ తెచ్చినవాడికి పేరు లేకపోవడమే దుఃఖం. కానీ 'గుర్తు' దగ్గర ఆగి 'ఐదు' అన్నారు, సంధి కలపలేదు, విసంధి. 'గుర్తు లైదు' అంటే సరిపోయేది. పోయిన నెల నా మీద ఇదే తప్పు పట్టింది మీరే.

గట్టుమీద రావి: ఒప్పుకుంటున్నాను, దిద్దుకుంటాను. పోయిన నెల మీ పద్యంలో నేను పట్టింది సంధి ఒక్కటే కాదు, నినాదం కూడా.

మానేటి ఒడ్డు: అదేం నినాదం?
పిల్ల లాకలి కేడ్చిన వేళ రొట్టె
దొంగ యైనట్టి తండ్రికి దోష మేది
సెలెదోనియో ఫ్లోరెస్ 'పాన్' (అంటే రొట్టె) అనే టాంగో పాట రాసింది ఆ తండ్రి గురించే. పని దొరకదు, పిల్లలు పస్తు, చివరికి జైలు. పోయిన నెల సమస్యలో 'దొంగ' ఒక్కటే ఉంటే పై పాదం చివర 'రొట్టె' పెట్టి కలిపాను. దాని మీద ఒక్క మాటా అనలేదు మీరు.

గట్టుమీద రావి: ఆ కలపడం గొప్పగా ఉంది. అప్పుడే చెప్పాల్సింది.

వేకువ: నాదీ చూడండి.
వెండి కురులపై నిత్యము వేకువలను
ముద్దు లైదు పెట్టినవారు మూగవోవ
ముద్దులకు మారు లోహపు ముద్ద లొసగ
నైదు పతకములను గాంచి యమ్మ యేడ్చె

నిర్వాహకుడు: ముద్దు పోయి ముద్ద వచ్చింది! ఒక్క ఉకారం ఎగిరిపోతే ఇల్లంతా ఖాళీ అయిపోయింది. అమ్మా, చాలాసేపు ఆగిపోయాను ఇక్కడ.

మానేటి ఒడ్డు: నాకూ గుండె పట్టేసింది. కానీ ఒసగింది ఎవరు? కర్త లేడు. 'ముద్దులకు దేశ మిచ్చెను ముద్దలనుచు' అంటే ఎలా ఉంటుంది?

గట్టుమీద రావి: అప్పుడు లోహం పోతుంది, అన్నం ముద్దలనుకుంటారు. కర్త లేకపోవడం వేకువగారు కావాలనే చేశారేమో, నా 'ఎవరొ'లాగే.

వేకువ: అవునండీ. పాటలో ఇచ్చింది దేశమే. అయితే చేతిలో ఆ బిళ్ళ చల్లగా తగిలినప్పుడు, ఇచ్చిందెవరని ఆ తల్లి చూస్తుందా? లోహం ఉంచేస్తాను. మానేటి అన్నగారూ, మీరు చెప్పిన పాదంతో వేరే పద్యం కట్టండి. పాట చివర ఎక్కడో దూరంగా తల్లులు ఉయ్యాలలూపుతూ పాడుతుంటారు కదా, దాన్ని ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.