వెనక చక్రం బేరింగ్: సుత్తితో ఎక్కించొచ్చా, ప్రెస్సు తప్పదా?

బళ్లారి చౌరస్తా: పాత మారుతి 800. యాభై దాటితే వెనక గుయ్యిమని శబ్దం. ఎడమకు తిప్పితే పెరుగుతాంది. సుత్తితో కొత్త బేరింగులు ఎక్కిస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

కల్లూరు: ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, కుడిదే పోయుంటుంది. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఎత్తి స్టాండు వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి చక్రం తిప్పండి. స్ప్రింగు మీద చెయ్యి పెడితే గరగర తెలుస్తుంది. ఎక్కించేది మాత్రం దెబ్బ లేకుండా ఒత్తి దింపే ప్రెస్సు మిషనుతోనే.

ప్రొద్దుటూరు: టైరు ఎగుడుదిగుడుగా అరిగినా ఇదే మోత. ముందువైపు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి.

తాడిపత్రి రోడ్డు: సుత్తితో ఏం కాదన్నా. పాత బేరింగ్ బయటి రింగును అంచు కొంచెం గ్రైండ్ చేసి, కొత్తదాని బయటి రింగు మీద పెట్టి కొడితే నేరుగా దిగుతుంది. గ్రైండ్ చేయకుంటే ఆ పాత రింగే బోరులో, అంటే బ్రేక్ డ్రమ్ములో బేరింగ్ కూర్చునే రంధ్రంలో, ఇరుక్కుంటుంది. పల్లెల్లో ప్రెస్సు యాడుంది?

కల్లూరు: అట్ల కొట్టేదెవరు? లోపలి రింగు మీద ఒక్క దెబ్బ పడితే అది గోళీల మీదుగా పోయి ట్రాకులో గుంటలు పడతాయి. కంటికి ఆనవు. కొత్తదే మోగుతుంది, సరుకు బాగలేదంటారు.

తాడిపత్రి రోడ్డు: డ్రమ్మును వేడి చేయండి. 52 మి.మీ. బోరు 40 డిగ్రీలు వేడెక్కితే 0.02 మి.మీ. సాగుతుంది. డ్రమ్మును మన మే ఎండలో పెట్టినా కొంత పని అవుతుంది.

కల్లూరు: వేడి సంగతి కాదు నేను చెప్పేది, దెబ్బ సంగతి!

తాడిపత్రి రోడ్డు: ఎప్పుడూ ప్రెస్సు ప్రెస్సు అంటావు. బోరు లూజయితే నీ ప్రెస్సేం చేస్తుంది?

కల్లూరు: ఇప్పుడొచ్చింది అసలు మాట. చేత్తో దిగిపోయే బోరులో మొనదేలిన సెంటర్ పంచితో చుక్కలు కొట్టి, చుట్టూ ఇనుము మొనలుగా లేపి, బిగువైందని బండి పంపిస్తారు. ఆ మొనలు అణిగిపోగానే బయటి రింగు డ్రమ్ములో తిరుగుతుంది. అట్లాంటి డ్రమ్ము మార్చాల్సిందే.

తాడిపత్రి రోడ్డు: మార్చనిచ్చేదెవరు? బేరింగుకని వచ్చినోడికి డ్రమ్మూ, గ్రీజు పట్టిన బ్రేక్ షూలూ మార్చాలంటే మమ్మల్నే దొంగలంటాడు. నెలకు మళ్లీ మోగితే లేబరు మా నెత్తిన.

కల్లూరు: అయితే ఓనరును పిలిచి ఆయన చేత్తోనే బేరింగ్ దింపించండి. చూపించకుండా చుక్కలు కొట్టడమే తప్పు.

బళ్లారి చౌరస్తా: విప్పేటప్పుడు దగ్గరుంటా. చేత్తో దిగితే డ్రమ్ము కొంటా. గ్రీజు ఎంత?

ప్రొద్దుటూరు: రెండు బేరింగుల మధ్య ఖాళీలో మూడోవంతు. నిండా కూరితే వేడెక్కి షూల మీదికి కారుతుంది. రెండు బేరింగుల నడుమ ఉండే స్పేసర్ గొట్టం మరిస్తే నట్టు బిగించగానే బేరింగులు పట్టేస్తాయి. నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను కొత్తది వేయించండి.