యుద్ధం మొదలైతే షేర్లు అమ్మేయాలా, అలాగే ఉంచాలా?

నీలిమేఘం:
యుద్ధ వార్త వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఇదే వాదన. మా పొదుపంతా ఇండెక్స్ ఫండ్‌లో (ఒక సూచీలోని కంపెనీలన్నింటి షేర్లూ కొనే ఫండ్) ఉంది. అందులో కొంత రెండేళ్లలో అమ్మాయి చదువుకు కావాలి. మావారేమో మొత్తం అమ్మేసి, పరిస్థితి సద్దుమణిగాక మళ్లీ కొందామంటారు. భయపడి అమ్మినవాళ్లే నష్టపోతారని నా నమ్మకం. ఎవరి మాట సరైనదో కాస్త ఆధారాలతో చెప్పండి.

పాతలెడ్జర్:
అమ్మకండమ్మా. 1941 డిసెంబర్‌లో అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక, అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ నెలల తరబడి పడింది. 1942 ఏప్రిల్ చివర్లో 93 దగ్గర ఆగి, అక్కడి నుంచి లేచింది. ఆ తేదీ గమనించండి. జపాన్ నౌకాదళాన్ని అమెరికా దెబ్బతీసిన మిడ్‌వే యుద్ధం జరిగింది జూన్‌లో. అంటే ఎవరు గెలుస్తారో ఇంకా తేలకముందే మార్కెట్ తిరిగింది. 1945 చివరికి 190 దాటింది. సద్దుమణిగాక కొందామని కూర్చున్నవాళ్లకు ఆ పెరుగుదలలో ఏం దక్కి ఉంటుంది?

1991 జనవరి 17 ఇంకా విచిత్రం. ఇరాక్ మీద బాంబు దాడులు మొదలైతే చమురు మండిపోతుందని అందరూ అనుకున్నారు. ఆ ఒక్కరోజే అమెరికా ముడి చమురు పీపా 32 డాలర్ల నుంచి 21కి పడిపోయింది, షేర్లు పెరిగాయి. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన నాటి నుంచి పోగైన భయమంతా ముందే ధరలో ఉంది కాబట్టి.

ఎదురీత:
లెడ్జర్ గారూ, మీరు చెప్పినవన్నీ గెలిచిన దేశపు మార్కెట్ లెక్కలే. ఓడిన చోట ఏమైందో కూడా చెప్పాలి కదా. టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్ 1945లో మూతపడి, మళ్లీ తెరుచుకున్నది 1949లో. రష్యా చక్రవర్తి జార్ ప్రభుత్వపు బాండ్లను 1918లో అధికారంలోకి వచ్చిన కమ్యూనిస్టులు, బోల్షెవిక్‌లు, రద్దు చేస్తే, వాటిని కొనుక్కున్న ఫ్రెంచ్ కుటుంబాల పొదుపు కాగితాలుగా మిగిలింది.

అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2022 ఫిబ్రవరి 28 నుంచి మార్చి 24 దాకా మాస్కోలో షేర్ల ట్రేడింగే లేదు. తెరిచాక కూడా విదేశీయులను అమ్ముకోనివ్వలేదు. ప్రపంచ ఫండ్లు అనుసరించే సూచీలు తయారుచేసే ఎంఎస్‌సీఐ సంస్థ తన సూచీల నుంచి రష్యా షేర్లను దాదాపు సున్నా ధరకు తీసేసింది. ఆ కంపెనీల్లో చాలా వాటికి ఆరోజు కూడా లాభాలు వస్తూనే ఉన్నాయి! షేరు మీ పేరున ఉంటుంది, చేతికి మాత్రం పైసా రాదు. ఓపిక పట్టమని ఆ మదుపరికి ఎలా చెబుతాం?

1973 సంగతీ అంతే. అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం కొద్ది వారాల్లో ముగిసింది, కానీ చమురు పీపా 3 డాలర్ల నుంచి 12 దగ్గరకు చేరింది. అప్పటికే పడుతున్న ఎస్ అండ్ పీ 500 (అమెరికా పెద్ద కంపెనీల సూచీ), 1974 అక్టోబర్‌ నాటికి దాదాపు సగం పోగొట్టుకుంది. దెబ్బ తీసింది తుపాకులు కాదు, ధరల పెరుగుదల.

వెన్నెలదారి:
ఇంత టెన్షన్ ఎందుకు? బంగారం కొనుక్కుంటే పోలా?

ఎదురీత:
కొంత ఉంచుకోండి, తప్పులేదు. హెడ్‌లైన్ చూసి పరుగెత్తి కొంటేనే చిక్కు. 1979 చివర్లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లాయి, 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరింది. ఆ రోజు కొన్నవాళ్లు అదే ధర మళ్లీ చూడ్డానికి 2008 దాకా ఆగారు. 2022 మార్చిలో 2,070 దాకా వెళ్లింది, వడ్డీ రేట్లు పెరిగేసరికి నవంబర్ మొదట్లో 1,630 దగ్గరుంది. ఉక్రెయిన్‌లో యుద్ధం మాత్రం అప్పటికీ సాగుతూనే ఉంది.

పాతలెడ్జర్:
రష్యా ఉదాహరణ బలమైనది, ఒప్పుకుంటాను. కానీ అది డబ్బంతా ఒకే దేశంలో పెట్టకూడదనడానికి కారణం, యుద్ధం రాగానే అమ్మేయడానికి కాదు. 1939లో యూరప్‌లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా మదుపరి జాన్ టెంపుల్టన్ డాలరు, అంతకు తక్కువ పలికే షేర్లు 104 కంపెనీలవి కొన్నాడు. వాటిలో దాదాపు మూడో వంతు అప్పటికే దివాలాలో ఉన్నాయి. ఏది బతుకుతుందో తనకు తెలియదు కాబట్టే అన్ని కొన్నాడు. సుమారు నాలుగేళ్లలో పెట్టిన 10,000 డాలర్లు 40,000 అయ్యాయి. ఆ డబ్బు ఆయన అప్పుగా తెచ్చుకున్నది. ఆ ఒక్క పనీ ఎవరూ చేయకండి.

గట్టుమీద:
నీలిమేఘం గారూ, మీ ప్రశ్నలో రెండు వేర్వేరు డబ్బులున్నాయి. రెండేళ్లలో ఫీజు కట్టాల్సిన డబ్బు యుద్ధం ఉన్నా లేకపోయినా షేర్లలో ఉండకూడదు. దాన్ని డిపాజిట్‌లోకి మార్చండి. ఈ విషయంలో మీవారన్నది నిజమే అని ఆయనతో చెప్పండి.

మిగతాది అమ్మాలంటే రెండుసార్లు సరిగ్గా నిర్ణయించాలి, అమ్మేటప్పుడూ, తిరిగి కొనేటప్పుడూ. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. ఆరోజు ఎస్ అండ్ పీ పొద్దున రెండు శాతానికి పైగా పడి, ఒకటిన్నర శాతం లాభంతో ముగిసింది. పొద్దున అమ్మినవాళ్లు సాయంత్రానికి ఎక్కువ ధరకు కొనాలి. స్టాప్‌లాస్ (ధర ఒక స్థాయికి పడితే దానంతటదే అమ్మేసే ఆర్డర్) పెట్టాం కదా అన్న ధీమా కూడా వద్దు. మీరు 95 దగ్గర పెట్టినా, రాత్రి దాడి జరిగి షేరు 88 దగ్గర తెరుచుకుంటే 88కే అమ్ముడవుతుంది.

నీలిమేఘం:
చదువు డబ్బు ఈ వారమే తీసేస్తాం. మిగతా దానితో ఆయుధ కంపెనీల ఫండ్ కొందామని మావారు ఇప్పుడు కొత్తగా అంటున్నారు.

పాతలెడ్జర్:
వార్త వచ్చేసరికే వాటి ధరలు పెరిగి ఉంటాయమ్మా. మీ ఇండెక్స్‌లో అలాంటి కంపెనీలు ఉంటే వాటి వాటా మీకు ఎలాగూ వస్తుంది.

ఎదురీత:
ధర సంగతి పక్కన పెడితే, యుద్ధం ఇంకొన్నాళ్లు సాగితే బాగుండునని మనసు కోరుకునే పెట్టుబడి నేను పెట్టను.