పెరట్లో చెక్కపని షెడ్డు కట్టాలి: రేకులా, శ్లాబా? కరెంటు ఎలా లాగాలి?

పెరటి లేతు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో లెక్కల టీచరుని. మార్చిలో రిటైర్మెంటు. ఆ తర్వాత కూడా ట్యూషన్లు చెప్పమంటున్నారు గానీ, నా మనసంతా లేతు (చెక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కుకునే మెషిన్) మీదే ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు చూసి మోజుపడి మొదలుపెట్టిన పని ఇది. చిన్న టేబుల్ లేతు కొనుక్కుని బొంగరాలు, కుంకుమ భరిణెలు, అప్పడాల కర్రలు, చిన్న గిన్నెలు తిప్పుతుంటాను. అమ్ముకోను, ఎవరింట్లో పెళ్లయితే వాళ్లకి ఇస్తాను.

ఇప్పుడు లేతు వెనక వరండాలో ఉంది. శాండ్‌పేపరు పట్టిన రోజు పొట్టంతా వంటింట్లోకి కొట్టుకొస్తుంది. పప్పులో పనస పొడి వేశావా అని మావారు రోజూ అడుగుతారు. అందుకని పెరట్లో వేరే షెడ్డు కట్టుకోవాలనుకుంటున్నాం.

స్థలం ఉత్తర దక్షిణాలుగా ముప్పై అడుగులు, వెడల్పు పద్దెనిమిది. పడమర పక్క ప్రహరీ, అవతల పొరుగువాళ్ల పడకగది. తూర్పున నుయ్యి ఉంది కాబట్టి అటు కొంత వదలాలి. మొత్తం మీద పద్నాలుగు బై ఇరవై గది వస్తుందని మేస్త్రీ లెక్క. వైరింగుతో కలిపి నాలుగు లక్షలు దాటకూడదు. మెషిన్లకి వేరే దాచాను.

మేస్త్రీ సిమెంటు రేకులు వేసేద్దాం, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటున్నాడు. మా మరిది శ్లాబు వేస్తేనే ఇల్లంటాడు. ఇది ఇల్లు కాదు కదా అంటే వినడు. తిత్లీ తుఫాను నాడు ఎదురింటి రేకులు మా నూతి గట్టు మీద పడ్డాయి. ఆ భయమూ ఉంది. ఇక మెషిన్లు: పెద్ద లేతు, బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే రంపం), డ్రిల్ ప్రెస్, చిన్న టేబుల్‌సా (బల్లలోంచి పైకి వచ్చే గుండ్రటి రంపం) కొనాలని కోరిక. ఈ గదిలో పడతాయా? మీలో కట్టుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

రాయగడ ఫిట్టర్:

టీచరమ్మా, మిల్లులో మెయింటెనెన్సు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి దిగినవాణ్ణి. ఇప్పుడు ఇంటి వెనక నాకూ ఒక షెడ్డుంది. మెషిన్ల సంగతి చివర్న మాట్లాడదాం. మెషిన్ నచ్చకపోతే అమ్మేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. నేల, కప్పు, వైరు అలా కాదు. నాలుగు లక్షలూ వాటికే పోయినా బాధపడకండి, మెషిన్లు ఏడాదికొకటి వస్తాయి.

ముందు మీ మేస్త్రీకి ఒక మాట చెప్పండి: సిమెంటు రేకులు వద్దు. వాటిలో మామూలుగా ఆస్బెస్టాస్ నార ఉంటుంది, కోసినా, బెజ్జం వేసినా లేచే పొడి ఊపిరితిత్తులకి విషం. షెడ్డన్నాక రేపు ఫ్యానుకో లైటుకో ఎక్కడో ఒకచోట బెజ్జం వెయ్యక తప్పదు. పైగా గాలికి ఎగిరొచ్చిన కొబ్బరి మట్ట తగిలినా పగులుతాయి.

మీది గజపతి జిల్లా. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ మీదుగానే కదా పోయింది. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలి. అలాంటి గాలి రేకుని పైనుంచి నొక్కదు, కిందనుంచి ఎత్తుతుంది. ముందు లేచేది చూరు అంచు, ఆ తర్వాత కప్పు కొప్పు. అందుకని చూరు ఒక అడుగుకి మించి బయటికి వదలొద్దు. వానజల్లు పడుతుందని మేస్త్రీ రెండున్నర అడుగులు వదులుతానంటాడు, ఒప్పుకోకండి. కలర్ కోటెడ్ ఇనుప రేకులు వేయించండి. అంచుల్లో ప్రతి మిట్టకీ ఒక స్క్రూ పడాలి, రబ్బరు వాషరుతో. మధ్యలో ఒక మిట్ట వదిలి ఒక మిట్టకి చాలు. రేకుని పట్టుకునే గొట్టాలు, గొట్టాల్ని పట్టుకునే ట్రస్సు (కప్పుని మోసే ఇనుప చట్రం), ట్రస్సుని పట్టుకునే బోల్టు, బోల్టుని పట్టుకునే కాంక్రీటు బెల్టు, ఇలా పునాది దాకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. మామూలుగా ఊడేది బోల్టు దగ్గరే. గోడ పైవరస ఇటుకల్లో నాలుగంగుళాల బోల్టు దిగ్గొట్టి చేతులు దులుపుకుంటారు. అది కాదు. గోడ చుట్టూ బెల్టు పోసేటప్పుడే ఊచలకి కట్టి బోల్టులు నిలబెట్టమనండి. ఆ రోజు మాత్రం స్కూలుకి సెలవు పెట్టి దగ్గర నిలబడండి.

ఇనుప రేకుతో ఇంకో చిక్కుంది. చలికాలం తెల్లవారుజామున లోపలివైపు చెమట పడుతుంది. బొట్లు బొట్లుగా సరిగ్గా లేతు బెడ్డు (దాని ఇనుప పీఠం) మీదే పడతాయి. ఎక్కడ పెట్టినా దాని మీదే పడతాయి, నాకు తెలిసి అదొక శాస్త్రం. రేకు కింద ఫాయిలు షీటు పరిపించండి. వేసవిలో వేడీ తగ్గుతుంది.

నేల: పెరటి మట్టానికి రెండడుగులు ఎత్తు లేపండి. కింద ఇసక, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, ఆపైన నాలుగంగుళాల కాంక్రీటు. లేతు వచ్చే చోట ఆరంగుళాలు. ప్లాస్టిక్ లేకపోతే నేల చెమ్మ ఏడాది పొడుగునా పైకి లాగుతుంది, ఉలి తుప్పు పడుతుంది. పునాది గోతిలోనే చెదల మందు పోయించండి, తర్వాత పోస్తే సగం పనే. టైల్స్ జోలికి పోవద్దు, ఉలి జారిపడితే అటు టైలూ పోతుంది ఇటు ఉలీ పోతుంది.

కరెంటు. ఇంట్లో ప్లగ్గు నుంచి వైరు లాగే ఆలోచన ఉంటే మానుకోండి. మీటరు దగ్గర్నుంచే వేరే లైను రావాలి, నాలుగు స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, పైపులో. షెడ్డులో చిన్న బోర్డు: ముప్పై మిల్లీ యాంపుల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే తెంపేది) ఒకటి, మోటార్లకి సి కర్వు ఎం.సి.బి.లు (లోడు మించితే పడిపోయే స్విచ్‌లు, సి కర్వువి మోటారు లేచేటప్పటి గుంజుడుని ఓర్చుకునే రకం), లైట్లకి వేరే. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఆరేడు యాంపులే తాగినా, లేచేటప్పుడు దానికి అయిదారు రెట్లు గుంజుతుంది. బి కర్వు వేస్తే స్విచ్ వేసినప్పుడల్లా ట్రిప్పవుతుంది, అప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఇంకా పెద్ద ఎం.సి.బి. పెడతాడు, అదే ప్రమాదం. షెడ్డుకి వేరే ఎర్తు గొయ్యి తవ్వించండి. కరెంటు ఆఫీసులో లోడు పెంచమని దరఖాస్తు ఇప్పుడే పెట్టండి.

ఇది మాత్రం మరిచిపోవద్దు: లేతుకీ బ్యాండ్‌సాకీ మామూలు స్విచ్ పెట్టకండి. కరెంటు పోతుంది, మీరు చక్కు (చెక్కముక్కని పట్టుకునే దవడల బిగింపు) వదులు చేస్తూ ఉంటారు, కరెంటు వస్తుంది. నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు పెడితే కరెంటు తిరిగొచ్చినా బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. నీళ్ల మోటార్ల షాపులో డి.ఓ.ఎల్. స్టార్టరంటే ఇస్తారు. సింగిల్ ఫేజుది అని చెప్పి, మోటారు యాంపులకి తగ్గ రిలే (లోడు మించితే మోటారుని ఆపేది) అడగండి.

లైట్ల సంగతి మీరు లెక్కల టీచరు కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది. పాత చోకు ట్యూబులైటు సెకనుకి వంద సార్లు మినుకుతుంది. లేతు నిమిషానికి పదిహేనువందల చుట్లు తిరిగితే సెకనుకి ఇరవై అయిదు. అంటే చుట్టుకి నాలుగు మినుకులు. మీ చక్కుకి నాలుగు దవడలు. మినుకు మినుక్కీ ఒక దవడ స్థానంలోకి ఇంకో దవడ వచ్చి కూచుంటుంది, చక్కు ఆగిపోయినట్టే కనిపిస్తుంది. చెయ్యి పెడతారు. మంచి డ్రైవరున్న ఎల్.ఇ.డి. వాడండి. సెల్‌ఫోన్ కెమెరాలో చూస్తే తెరమీద నల్ల చారలు పాకే లైటు లేతు దగ్గర పనికిరాదు.

బరంపురం మూర్తి:

ఫిట్టర్ గారు చెప్పిన వాటిలో కప్పు విషయం ఒక్కటి నేనొప్పుకోను. మా గంజాం జిల్లాలో 2013లో ఫైలిన్ చూశాం. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా వీధిలో ఎవరి సామాను తడవకుండా మిగిలిందంటే శ్లాబు ఉన్నవాళ్లదే. బోల్టులు సరిగ్గా పెడితే రేకులు నిలుస్తాయి, నిజమే, కానీ పెట్టే మేస్త్రీ ఎక్కడ? మరిది గారి మాట కొట్టిపారెయ్యకండి. శ్లాబు మీద రేపు ఒక గది లేపుకోవచ్చు కూడా. పడమర పక్కింటి పడకగది ఉందన్నారు, వానాకాలంలో రేకుల చప్పుడుకి మీకు లేతు శబ్దమే వినిపించదు, లేతు చప్పుడు మాత్రం వాళ్లకి వినిపిస్తుంది.

అటు గోడకి అసలు కిటికీ పెట్టకండి. వెలుతురుకి ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దాని కిందే బల్ల. ఉత్తరపు వెలుగు రోజంతా ఒకేలా ఉంటుంది, ఎండ కళ్లలో కొట్టదు. అద్దాలు కాకుండా ఇనుప రేకు తలుపులు పెట్టించండి, తుఫానుకి మూసేసుకోవచ్చు.

పొట్టు గురించి ఎవరూ చెప్పలేదు. ఉలి కింద లేచే చెత్త చీపురుతో పోతుంది, దానితో భయం లేదు. శాండ్‌పేపరు పొడి వేరు. గంటలకొద్దీ గాల్లో తేలుతుంది. చెక్క పొడిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చారు, ముక్కు లోపల వచ్చే రకానికి. ఎన్95 మాస్కు తప్పనిసరి. గోడకి ఎగ్జాస్టు ఫ్యాను, దానికి ఎదురు గోడలో గాలి వచ్చే దారి. ఎదురు దారి లేకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది.

ఇంకొకటి. చెక్కకి అవిసె నూనె పూసిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. దండెం మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి. పొట్టు ఉన్న గదిలో ఇది ఆషామాషీ కాదు.

జయపురం కుర్రాడు:

టీచర్ గారూ, టేబుల్‌సా ఎందుకండీ? ఎనిమిదడుగుల ప్లై షీటు దాని మీద కోయాలంటే ముందు ఎనిమిది, వెనక ఎనిమిది అడుగులు ఖాళీ ఉండాలి. మీ గది పొడుగే ఇరవై. బొంగరాలకీ భరిణెలకీ అది అక్కర్లేదు. బ్యాండ్‌సా చాలు. ఎప్పుడన్నా ప్లై కోయాల్సొస్తే బయట థర్మోకోల్ షీటు పరిచి, పట్టీ ఆనించి సర్క్యులర్ రంపంతో కోసుకోండి. ఆ డబ్బుతో మంచి చక్కు, ఉలి సానబట్టే గ్రైండరు వస్తాయి. తలుపు మాత్రం అయిదడుగుల వెడల్పు, రెండు రెక్కలది పెట్టించండి, లోపలికి ఏది తేవాలన్నా కుదురుతుంది.

పెరటి లేతు (పర్లాకిమిడి):

అందరికీ థాంక్స్. టేబుల్‌సా కొట్టేశాను. చక్కు లెక్క చేసి చూశాను, నిజమే! రేపు క్లాసులో పిల్లలకి ఇదే లెక్క ఇస్తాను.

కప్పు సంగతి ఇంట్లో పెద్ద గొడవే అయింది. శ్లాబుకి మేస్త్రీ చెప్పిన ధర వింటే వైరింగుకి ఏమీ మిగలదు. చివరికి రేకులే, ఫిట్టరన్నయ్యగారు చెప్పిన బోల్టులతో. మూర్తిగారూ, మా మరిది మీ వాదన ప్రింటు తీసి గోడకి అంటించాడు, మీరు గెలవకపోయినా మీకు మా ఇంట్లో ఒక అభిమాని దొరికాడు. పడమర గోడకి కిటికీ లేదు.

ఇంకో రెండు ప్రశ్నలు. పెద్ద లేతుకి కంపెనీ వాళ్లిచ్చే ఇనుప స్టాండు నాకు ఎత్తవుతోంది, నేను అయిదడుగులే. ఏం చేయాలి? రెండోది, పాతపట్నంలో మా పిన్ని వాళ్ల తోటలో పనస చెట్టు పడిపోయింది. దుంగలు తీసుకుపో అంటున్నారు. ఆటోలో వేసుకొచ్చేయొచ్చా?

రాయగడ ఫిట్టర్:

స్టాండు అక్కర్లేదు. చెప్పులేసుకుని నిటారుగా నిలబడి, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచెయ్యి దాకా కొలవండి. లేతు కుదురు (చెక్కని తిప్పే ఇరుసు) మధ్య గీత ఆ ఎత్తుకి రావాలి. అంతకంటే పైకుంటే భుజాలు లేచి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఆ కొలతలోంచి బెడ్డు అడుగు నుంచి కుదురు దాకా ఉన్న ఎత్తు తీసేస్తే ఎంత మిగిలిందో అంత ఎత్తు సిమెంటు దిమ్మలు రెండు కట్టించి, బోల్టులు లోపలే పాతేయండి. బరువు ఎంత ఉంటే వణుకు అంత తక్కువ. నిలబడే చోట మందపాటి రబ్బరు మ్యాటు, లేదా చెక్క పలక.

దుంగల సంగతి జాగ్రత్త. పాతపట్నం కూతవేటు దూరమే గానీ అది వేరే రాష్ట్రం, ఆంధ్ర; మీది ఒడిశా. ఏ చెట్టుకి ట్రాన్సిట్ పర్మిట్ (కలప తరలించే అనుమతి కాగితం) కావాలో, ఏ చెట్టుకి అక్కర్లేదో రెండు ప్రభుత్వాలకీ వేరువేరు జాబితాలు. అటూ ఇటూ ఫారెస్టు రేంజి ఆఫీసుల్లో కనుక్కుని, కాగితం చేత పట్టుకునే బండెక్కించండి. బ్యాండ్‌సా కూడా చిన్నదే తీసుకోండి. ఒడిశాలో సా మిల్లుల మీద, చేత్తో కోసే కోత గోతుల మీద కూడా 1991 నాటి చట్టం ఉంది. ఊళ్లోవాళ్ల దుంగలు మీ షెడ్డుకి రావడం మొదలైతే ఎవరో ఒకరు అడుగుతారు.

తెచ్చాక ఆలస్యం చేయకండి. పనస కొసల దగ్గర్నుంచే నెర్రెలిస్తుంది. కోసిన రోజే రెండు కొసలకీ కరిగించిన మైనమో, మిగిలిన పెయింటో దట్టంగా పూయండి. గిన్నెలకైతే పచ్చిగా ఉన్నప్పుడే మందంగా తిప్పి పక్కన పెట్టుకోవడం మేలు. ఎనిమిదంగుళాల గిన్నెకి అంచు మందం ముప్పాతిక అంగుళం పైన ఉంచండి. ఆరేటప్పుడు అది కోడిగుడ్డులా సాగుతుంది, ఆ మందం ఉంటే మళ్లీ గుండ్రంగా తిప్పుకోవచ్చు. తీసిన పొట్టుతో పాటే కాగితం సంచిలో పెట్టి, అటక మీద కొన్ని నెలలు వదిలేయండి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది.

బొబ్బిలిలో వీణ చేసేది పనసతోనే. మీ పిన్నిగారి చెట్టు మొదలు లావుగా, నిటారుగా ఉంటే దాన్ని ముక్కలు చేయించే ముందు అటువైపు వీణలు చేసేవాళ్లకి ఒకసారి చూపించండి.

జయపురం కుర్రాడు:

పెద్దాయనా, ఆ స్టార్టరు కనెక్షను ఒక కాగితం మీద గీసి ఫోటో పెట్టరా? నాకూ కావాలి.