దాతల సహాయం తీరును అందుకునే సంస్థలే పర్యవేక్షించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – సమాఖ్య కార్యదర్శి

సభ్యులకు నమస్కారం. మాది పౌర సమాజ సంస్థల సమాఖ్య. మా సభ్య సంస్థల్లో కొన్నింటికి ఒక ఉమ్మడి దాతల నిధి నుంచి నేరుగా గ్రాంటు వస్తుంది. చిన్న సంస్థలకు మాత్రం అదే నిధి ఒక పెద్ద మధ్యవర్తి సంస్థ ద్వారా ఉప గ్రాంటుగా చేరుతుంది. ఇంతకాలం పర్యవేక్షణ అంటే మేము దాతలకు నివేదికలు, ఖర్చుల పట్టికలు, లబ్ధిదారుల లెక్కలు పంపడమే. ఇప్పుడు దాతలే చొరవ తీసుకుని, తామిస్తున్న సహాయం ఎలా ఉంటోందో గ్రహీత సంస్థలతో కలిసి ఏటా పరిశీలించాలనుకుంటున్నామని, దానికి తగిన పద్ధతిని సమాఖ్యే సూచించాలని కోరారు.

ఈ అవకాశాన్ని వదులుకోకూడదన్నది మా కార్యవర్గం అభిప్రాయం. అయితే దాతల సహాయంలో దేన్ని గమనించాలో, ఎలా గమనించాలో మాకు అనుభవం లేదు. పైగా వచ్చే ఏడాది గ్రాంటు ఎవరి చేతిలో ఉంటుందో వారి గురించి ఏ సంస్థ అయినా మనసు విప్పి చెబుతుందా అన్న సందేహం ఉంది. ఇదివరకు ఒక దాత సంస్థ పంపిన సంతృప్తి సర్వేకు మా సభ్యులు దాదాపు అందరూ ‘చాలా బాగుంది’ అన్న గడిలోనే టిక్కు పెట్టారు. ఆ ఫలితాలు వారి వార్షిక నివేదికలో ఒక రంగుల చిత్రంగా కనిపించాయి తప్ప మారిందేమీ లేదు. మళ్ళీ అలా జరగకుండా ఏం చేయాలో ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం – పర్యవేక్షణ, మూల్యాంకన రంగంలో పనిచేస్తున్న సభ్యుడు

కార్యదర్శి గారికి, ఈ ప్రక్రియలో పరిశీలించేది దాతల నడవడినే తప్ప సభ్య సంస్థల పనితీరును కాదన్న మాటను ముందుగా కాగితం మీద పెట్టించుకోండి. ఈ రెండింటినీ ఒకే ఫారంలో కలిపితే, మొదటి సమావేశం ముగిసేలోపే చర్చ ‘మీరు లక్ష్యాలను ఎంతవరకు చేరుకున్నారు’ అన్న దగ్గరికి వచ్చేస్తుంది. అందుకు ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఉన్న అలవాటే చాలు.

మీరు అడుగుతున్నది కొత్త కోరిక కాదని దాతలకు గుర్తుచేయడం కూడా మంచిది. సహాయం ఫలవంతం కావడం గురించి 2005లో వచ్చిన పారిస్ ప్రకటన ప్రధానంగా ప్రభుత్వాలకూ దాతలకూ మధ్య కుదిరిన ఒడంబడిక. 2008లో ఘనా రాజధాని అక్రాలో జరిగిన సమావేశం పౌర సమాజ సంస్థలను స్వతంత్ర అభివృద్ధి భాగస్వాములుగా గుర్తించింది. 2010లో ఆ సంస్థలే ఇస్తాంబుల్‌లో సమావేశమై, తమ పనికి ఎనిమిది సూత్రాలను ఏర్పరచుకున్నాయి. చివరికి 2021 జులైలో ఓఈసీడీ అభివృద్ధి సహాయ కమిటీ, అంటే ప్రధాన దాత దేశాల వేదిక, ఈ విషయం మీదే ఒక సిఫార్సును ఆమోదించింది. పౌర సమాజానికి ఉన్న అవకాశాన్ని కాపాడడం, ఆ సంస్థలకు మద్దతిచ్చి వాటితో కలిసి పనిచేయడం, వాటి పనితీరునూ జవాబుదారీతనాన్నీ ప్రోత్సహించడం అని దానిలో మూడు భాగాలున్నాయి. మీ దాతల్లో ఆ కమిటీ సభ్య దేశాల సంస్థలుంటే, రెండో భాగంలో ఉన్న హామీలనే మీ సూచికలుగా తీసుకోవచ్చు. ప్రతి ఒక్కటీ కాకుండా మీ సభ్యులను నిజంగా ఇబ్బంది పెడుతున్న నాలుగైదింటిని ఎంచుకుంటే చాలు. ముప్పై సూచికల పట్టిక తయారుచేసిన చోట రెండో ఏడాదికి దాన్ని నింపేవారే ఉండరు.

ఆ నాలుగైదింటిలో సంస్థాగత నిధులు తప్పక ఉండాలి. అభివృద్ధి సహాయ కమిటీ లెక్కల్లో ‘సంస్థలకు ఇచ్చే సహాయం’, ‘సంస్థల ద్వారా ఇచ్చే సహాయం’ అని రెండు పద్దులుంటాయి. మొదటిది సంస్థ తన ప్రణాళిక ప్రకారం ఖర్చు పెట్టుకోగలిగిన సంస్థాగత నిధి, రెండవది దాత నిర్ణయించిన ప్రాజెక్టు కోసం ఇచ్చేది. ఏళ్ల తరబడి రెండవదే మొదటిదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటోంది. మీ నిధిలో ఈ నిష్పత్తి ఎంత ఉందో, ఏడాదికేడాదికి ఎటు కదులుతోందో గమనించండి.

పద్ధతి విషయంలో, సర్వే కంటే ముందు కాలరేఖ గీయమని సూచిస్తాను. ఒక్కో గ్రాంటుకు ఒక పెద్ద కాగితం తీసుకుని, ప్రతిపాదన పంపిన తేదీ, ఆమోదం తెలిపిన తేదీ, ఒప్పందంపై సంతకాలైన తేదీ, ఒప్పందం ప్రకారం పని మొదలవ్వాల్సిన తేదీ, మొదటి విడత డబ్బు ఖాతాలో పడిన తేదీ వరుసగా గుర్తించాలి. పని మొదలైన తేదీకీ డబ్బు పడిన తేదీకీ మధ్య ఉన్న ఖాళీని ఎర్ర పెన్సిలుతో నింపి, ఆ కాలంలో జీతాలు, అద్దె ఎక్కడి నుంచి కట్టారో దాని కింద రాయాలి. మరో ప్రాజెక్టు డబ్బు వాడారా, అప్పు తెచ్చారా, ఉద్యోగులు జీతం లేకుండా పనిచేశారా అన్నది అక్కడ బయటపడుతుంది. ‘నిధుల విడుదల సకాలంలో జరిగిందా’ అని అడిగితే మర్యాదకు ‘అవును’ అనే సంస్థ కూడా ఈ కాగితం మీద తేదీలను మార్చి రాయదు. ఇలాంటి కాగితాలను గోడ మీద పక్కపక్కన అంటిస్తే, ఏ సంస్థా నోరు తెరిచి ఫిర్యాదు చేయకుండానే ఎర్ర గీతలు ఎక్కడ పొడవుగా ఉన్నాయో అందరికీ కనిపిస్తుంది.

సమాధానం – ఉప గ్రాంటు పొందే చిన్న సంస్థ నిర్వాహకురాలు

పై సభ్యుడు గారు చెప్పిన కాలరేఖ ఉపయోగమైనదే. కానీ ఆ కాగితాలను గోడకు అంటించే గదిలో ఎవరెవరు ఉంటారన్నది నా మొదటి ప్రశ్న. మావంటి సంస్థలకు దాత ముఖం కూడా తెలియదు. మాకు గ్రాంటు ఇచ్చేది, నివేదిక వెనక్కి పంపేది, వచ్చే ఏడాది కొనసాగించాలో వద్దో తేల్చేది మధ్యవర్తి సంస్థే. ఆ సంస్థ కూడా కాగితాల మీద ‘గ్రహీత’ కాబట్టి భాగస్వామ్య సమావేశాల్లో మా పక్కనే కూర్చుంటుంది. అటువంటప్పుడు ఎర్ర గీత పొడవుగా ఉన్న కాగితం ఏ సంస్థదో చెప్పాల్సిన అవసరమే ఉండదు.

కనుక పర్యవేక్షణ దాత వద్ద ఆగకుండా డబ్బు ప్రయాణించే ప్రతి మెట్టునూ చూడాలి. దాత మధ్యవర్తి సంస్థకు పరిపాలనా ఖర్చుల కింద ఇచ్చే శాతంలో ఉప గ్రాంటు పొందే సంస్థకు ఎంత చేరుతోంది? దాత ఇచ్చిన వెసులుబాటు కింది దాకా వస్తోందా? బడ్జెట్ పద్దుల మధ్య కొంత మొత్తాన్ని అనుమతి లేకుండా మార్చుకోవచ్చని దాత ఒప్పందంలో ఉండి కూడా, ఉప గ్రాంటు ఒప్పందంలోకి వచ్చేసరికి ప్రతి మార్పుకూ ముందస్తు అనుమతి కావాలన్న నిబంధన చేరడం నేను చూశాను. రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఇది తెలియదు, చిన్న సంస్థలకు పై ఒప్పందం చూసే హక్కు సాధారణంగా ఉండదు. ఆ ప్రతిని చూపించాలన్నది సమాఖ్య పెట్టే మొదటి షరతు కావాలి.

‘నేరుగా’ అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి. మానవతా సహాయంలో 25 శాతాన్ని 2020 నాటికి ‘వీలైనంత నేరుగా’ స్థానిక సంస్థలకు అందిస్తామని 2016లో గ్రాండ్ బార్గెయిన్ అనే ఒప్పందంలో దాతలు, పెద్ద సంస్థలు మాట ఇచ్చాయి. మొత్తం మీద ఆ లక్ష్యం నెరవేరలేదు. అంతేగాక మధ్యలో ఒక సంస్థ ఉంటే దాన్ని నేరుగా ఇచ్చినట్లు లెక్కించవచ్చా అన్న దానిపైనే చాలా చర్చ నడిచింది. మీ పట్టికలో ఆ నిర్వచనాన్ని ఖరారు చేయకపోతే, ఏడాది చివర పై మెట్టులో ఉన్నవారికి ఒక అంకె, మాకు మరో అంకె కనిపిస్తాయి.

ఇంకొక విన్నపం. దాత దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారాన్ని దయచేసి మమ్మల్ని అడగకండి. విడుదల తేదీలు, మొత్తాలు, ఒప్పంద కాలం అన్నీ వారి ఖాతాల్లో ఉంటాయి. అంతర్జాతీయ సహాయ పారదర్శకత కార్యక్రమం, అంటే ఐఏటీఐ కింద చాలామంది దాతలు ఈ వివరాలను ప్రచురిస్తున్నారు కూడా. మా దగ్గర మాత్రమే ఉన్నదాన్ని, అంటే ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు ఏం జరిగిందో, ఒక నివేదికకు ఎంతమంది ఎన్ని రోజులు వెచ్చించారో అడగండి. దానికి వెచ్చించే సమయానికి బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి. పరిశీలన మేలు దాతలకూ చేరేటప్పుడు దాని ఖర్చును చిన్న సంస్థలు ఉచితంగా భరించడం న్యాయం కాదు.

సమాధానం – గతంలో దాత సంస్థ గ్రాంట్ల విభాగంలో పనిచేసిన సభ్యుడు

పై అమ్మగారు చెప్పిన మధ్యవర్తి సంస్థల విషయం అక్షరాలా నిజం. దాత కార్యాలయంలో కూర్చున్నవారికి ఆ మెట్టు కింద ఏం జరుగుతోందో చాలావరకు కనిపించదు. కనిపించకపోవడం వల్ల పని సులువవుతుంది కాబట్టి పెద్దగా అడగరు కూడా.

కార్యదర్శి గారికి అవతలి వైపు నుంచి ఒక మాట చెబుతాను. గ్రాంటు అధికారి చేతిలో ఉన్నవి కొన్ని, ఆయన పై కార్యాలయం చేతిలో ఉన్నవి కొన్ని, చట్టంలోనో ప్రభుత్వ బడ్జెట్ నియమాల్లోనో ఉన్నవి కొన్ని. నివేదిక నమూనాను కుదించడం, రెండు నివేదికలను ఒకటి చేయడం, వ్యాఖ్యలకు నిర్ణీత గడువులోగా జవాబివ్వడం మొదటి కోవలోకి వస్తాయి. బహుళ సంవత్సరాల ఒప్పందాలు, సంస్థాగత నిధుల వాటా రెండవ కోవవి. ఏటా బడ్జెట్ ఆమోదం కావడం వంటివి మూడవ కోవవి. పరిశీలన మొదలవకముందే దాతలను ఈ మూడింటి పట్టిక రాసి ఇవ్వమని అడగండి. లేకపోతే అన్నింటికీ ‘నియమాలు ఒప్పుకోవు’ అన్న ఒకే జవాబు వస్తుంది. నిజానికి నియమం అనుకున్నదానిలో చాలా భాగం ఆ కార్యాలయం ఎప్పుడో చేసుకున్న అలవాటు. పట్టిక రాసేటప్పుడు ఆ సంగతి వారికే తెలిసివస్తుంది.

మీ ఉమ్మడి నిధిలో దాతలు పలువురు ఉన్నారు గనుక అందరికీ ఒకే నివేదిక నమూనా, ఒకే ఆడిట్ సరిపోతుందా అన్నది కూడా అడగదగిన ప్రశ్నే. ఒకే నిధిలో ఉంటూ వేర్వేరు అనుబంధ పత్రాలు అడిగే దాతలుంటారు, ఆ భారం ఉమ్మడి నిధి లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

కార్యదర్శి

ముగ్గురికీ ధన్యవాదాలు. రెండు ఒప్పందాలనూ పక్కపక్కన చదవడం మా ఆలోచనలోకే రాలేదు, దాన్ని షరతుగా పెడతాము. ఇంకా తేలనిది గోప్యత. ఉప గ్రాంటు పొందే సంస్థలు మాలో తక్కువ. పేరు తీసేసినా, ఫలానా అంశంపై ఫలానా ప్రాంతంలో పనిచేసే సంస్థ అనగానే అది ఎవరో తెలిసిపోతుంది. అలాగే సమాధానాలన్నీ సేకరించాక దాతలు వాటితో ఏమీ చేయకపోతే మేమేం చేయగలం?

సమాధానం – సహాయ విధానాలపై పరిశోధన చేస్తున్న సభ్యురాలు

గోప్యత గురించి మీ భయం సరైనదే. పేరు తీసేయడం ఒక్కటే చాలదు. సమాధానాలను సేకరించేది, భద్రపరచేది దాతా కాకూడదు, మధ్యవర్తి సంస్థా కాకూడదు, వీలైతే సమాఖ్య కార్యాలయం కూడా కాకూడదు. ఏ పక్షం నుంచీ గ్రాంటు పొందని ఒక బయటి వ్యక్తి లేదా సంస్థ వద్ద అవి ఉండాలి. దాతకు వెళ్ళే నివేదికలో ఏ విభాగంలోనైనా ఐదు సంస్థలకంటే తక్కువ ఉంటే ఆ విభాగాన్ని విడిగా చూపకుండా మరొకదానితో కలపాలన్న నియమం ముందే పెట్టుకోండి. యథాతథంగా ఉటంకించదలచిన ప్రతి మాటనూ చెప్పినవారికి తిరిగి చూపి అనుమతి తీసుకోవాలి. ఉప గ్రాంటు సంస్థలకు విడిగా ఒక సమావేశం, మధ్యవర్తి సంస్థకు విడిగా ఒకటి, ఆ తర్వాతే ఉమ్మడి సమావేశం జరపాలి. ఉమ్మడి సమావేశంలో ఏ సంస్థా తన కథ చెప్పనక్కర్లేదు, బయటి వ్యక్తే కలిపిన ఫలితాలను వినిపిస్తారు.

అందరినీ ఒకే అభిప్రాయానికి తీసుకురావాలని మాత్రం ప్రయత్నించకండి. అభివృద్ధి సహకారం ఫలవంతం కావడం కోసం పనిచేసే గ్లోబల్ పార్టనర్‌షిప్ అనే అంతర్జాతీయ వేదిక తన పర్యవేక్షణలో పౌర సమాజానికి ఉన్న పరిస్థితులపై ఒకే ప్రశ్నావళిని ప్రభుత్వం, పౌర సంస్థలు, దాతలకు ఇచ్చి ఎవరి జవాబును వారి చేతే చెప్పించింది. 2018 విడతలో ఈ పక్షాల జవాబుల మధ్య స్పష్టమైన తేడాలు కనిపించాయి. సగటు తీసి ఉంటే ఆ తేడా మాయమయ్యేది. మీరూ ‘నివేదికపై దాత ఇచ్చిన వ్యాఖ్య పనికి ఉపయోగపడిందా’ అన్న ప్రశ్నను దాతకూ, మధ్యవర్తికీ, చిన్న సంస్థకూ వేసి మూడు జవాబులనూ పక్కపక్కన ప్రచురించండి. దాత ‘ఎల్లప్పుడూ’ అని, చిన్న సంస్థలు ‘మాకు ఏ వ్యాఖ్యా చేరలేదు’ అని రాసిన చోటే మీరు మాట్లాడుకోవాల్సిన విషయం ఉంటుంది.

రెండో ప్రశ్నకు వస్తే, దాతలు అన్నీ ఒప్పుకుని తీరాలని మనం కోరలేం, ప్రతిదానికీ జవాబివ్వాలని కోరగలం. మూల్యాంకనాలకు యాజమాన్య స్పందన రాయడం చాలా దాత సంస్థల్లో ఇప్పటికే ఉన్న పద్ధతి. దాన్నే ఇక్కడికీ తెండి. ప్రతి సిఫార్సు పక్కన ఒప్పుకున్నామా, కొంతవరకే ఒప్పుకున్నామా, ఒప్పుకోలేదా అన్నది, ఒప్పుకోకపోతే కారణం, ఒప్పుకుంటే ఎవరు ఎప్పటిలోగా చేస్తారన్నది ఉండాలి. స్పందనకు అరవై రోజుల గడువు పెట్టి, గడువు దాటితే ఆ గడి ఖాళీగానే ప్రచురితమవుతుందని ఒప్పందంలో రాయండి. మరుసటి ఏడాది పరిశీలన ఆ పట్టికతోనే మొదలవ్వాలి, కొత్త ప్రశ్నలు ఆ తర్వాతే.

చిన్న సంస్థల సమావేశంలో తుది నివేదికను వారు మాట్లాడే భాషలో చదివి వినిపించే ఏర్పాటును కూడా బడ్జెట్‌లో చేర్చండి. సమాధానాలు ఇచ్చినవారికి ఫలితం ముందు అందిన తర్వాతే అది దాతల చేతికి వెళ్ళాలి. ఏదైనా సంస్థ ఆ దశలో తన సమాచారాన్ని వెనక్కి తీసుకుంటానంటే అందుకు కారణం అడగకండి.