ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో డ్రాయింగ్, వర్క్‌షాప్ తీసేసి ఆ టైం ఇంటర్న్‌షిప్‌కి ఇస్తే తప్పేంటి?

ఘట్‌కేసర్_మెక్ (థర్డియర్):
సెలవుల్లో ఇంటర్న్‌షిప్ కోసం రెండు నెలలుగా తిరుగుతున్నా. జీడిమెట్లలో పది ఫ్యాక్టరీ గేట్ల దాకా వెళ్తే సెక్యూరిటీ వాళ్లే వెనక్కి పంపేశారు. మా క్లాసులో సగం మంది ఏదో ఇన్‌స్టిట్యూట్‌కి మూడు వేలు కట్టి, ఒక్క రోజు కూడా వెళ్లకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, వైవాలో వాళ్లకే మార్కులు ఎక్కువ. కడుపు మండి అడుగుతున్నా. ఫస్టియర్‌లో గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ భుజాన తగిలించుకుని, షీటు నలగకుండా ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లి గీసిన ఆ ప్రొజెక్షన్లు (వస్తువుని ముందు, పై, పక్క నుంచి చూపే బొమ్మలు), వర్క్‌షాప్‌లో ఆకురాయితో గంటలు గంటలు రుద్దిన ఆ ఇనప ముక్క ఇప్పుడు ఎవడికి కావాలి? సాలిడ్‌వర్క్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తే మూడు వ్యూలూ అదే ఇచ్చేస్తుంది కదా. ఆ గంటలన్నీ తీసేసి ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీకి పంపిస్తే పోలా?

కోడింగ్_కుర్రోడు:
మీరైనా మెకానికల్ అన్నా. మాది సీఎస్‌ఈ, మాకూ వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ పెట్టారు. చేతులకి బొబ్బలు, రికార్డులో సంతకం, అంతే మిగిలింది.

బాలానగర్_టూల్‌రూమ్:
తమ్ముడూ, గేటు దగ్గర ఆపేయడం తప్పే, ఒప్పుకుంటా. మా వీధిలో వాళ్లందరి తరఫునా ఒప్పుకుంటా. కానీ డ్రాయింగ్ తీసేయమన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. పోయిన ఎండాకాలం ఒక ఫైనలియర్ అబ్బాయి మా దగ్గరకొచ్చాడు. స్క్రీన్ మీద మోడల్ చూస్తే కళ్లు చెదిరిపోయాయి, రంగులు, నీడలు, తిప్పితే తిరుగుతోంది. షాఫ్టు (ఇరుసు) 25 మిల్లీమీటర్లు, అది దూరే బుష్షు రంధ్రం 25 అని రాసిచ్చాడు. మా టర్నర్ పదో తరగతి దాటలేదు, కాగితం చూసి ఒక్కటే అడిగాడు, "బాబూ, ఇది తిరగాలా, బిగిసిపోవాలా?" ఆ అబ్బాయి, "రెండూ 25 కదా అన్నా, సరిగ్గా సరిపోతాయి" అన్నాడు!

తిరగాలంటే మామూలుగా హెచ్7-జీ6 వేస్తాం, సైజు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే కోడ్లవి. రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా, షాఫ్టు 24.980 నుంచి 24.993 దాకా. బిగిసిపోవాలంటే షాఫ్టు పీ6, అంటే 25.022 నుంచి 25.035. మిల్లీమీటర్‌లో వందో వంతు అటో ఇటో అయితే యంత్రం యంత్రంలా ఉండదు. సాఫ్ట్‌వేర్ నీకు వ్యూలు ఇస్తుంది నిజమే, తిరగాలో బిగియాలో అది నిన్నే అడుగుతుంది.

ఇంకోటి. మనం కాలేజీలో గీసేది ఫస్ట్ యాంగిల్, ఏ వ్యూ ఎటు పెట్టాలో చెప్పే పద్ధతి. అమెరికా కస్టమర్ల డ్రాయింగ్‌లు థర్డ్ యాంగిల్‌లో వస్తాయి, అందులో వ్యూలు దానికి ఎదురు పక్కన ఉంటాయి. మూలన ఉండే ఆ చిన్న కోను సింబల్ చూడకుండా నేనే ఒకసారి జాబ్ లైన్లో పెట్టేశా. కీవే (షాఫ్టు మీద కీ కూర్చునే గాడి) ఇటుండాల్సింది అటు వచ్చింది, 40 ముక్కలు తుక్కు కింద కేజీల లెక్కన అమ్ముకున్నా. అప్పటికి నాకు పదకొండేళ్ల అనుభవం, అది వేరే సంగతి.

పిల్లాడి_నాన్న:
మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి సార్. రీయింబర్స్‌మెంట్ 35 వేలు పోను మిగతా ఫీజంతా నా జేబులోంచే. నాలుగేళ్ల తర్వాత మావాడికి ఉద్యోగం రావాలి, నాకు అదొక్కటే టెన్షన్. కోర్ కంపెనీ, అంటే మెకానికల్ పని చేసే కంపెనీ వాళ్లు ఇచ్చే జీతం కంటే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువైతే వాడు అక్కడికే పోతాడు, ఏ ఫిట్టూ వాణ్ని ఆపదు.

చర్లపల్లి_క్యూసీ:
నేనూ మెకానికలే, క్లాసులో మేం నలుగురం అమ్మాయిలం. ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌లో మొదటి రెండు వారాలు నాతో చేయించింది జిరాక్స్‌లు, ఎక్సెల్ షీట్లు. "అమ్మాయివి, షాప్ ఫ్లోర్‌లో ఎందుకులే" అని ఒక మాట కూడా. మూడో వారం ఇన్‌స్పెక్షన్ చూసే సార్ సెలవు పెట్టారు, లాట్ బయటికి పంపాలి, నాకు వర్నియర్, మైక్రోమీటర్ లాంటి కొలత పరికరాలు చదవడం వచ్చని అప్పుడు తెలిసింది వాళ్లకి. వర్నియర్ కొలవగల అతి చిన్న కొలత, అదే లీస్ట్ కౌంట్, 0.02 మిల్లీమీటర్లని ఫస్టియర్ నుంచి బట్టీ పట్టిందే పనికొచ్చింది. అన్నా, సెమిస్టర్ మొత్తం పంపించినా ఏమీ రాని వాడికి ఆరు నెలలూ జిరాక్సే దక్కుతుంది.

మాస్టారు_ల్యాబ్:
లోపలి మాట చెప్తా, కాలేజీ పేరు అడగొద్దు. మా దగ్గర బ్యాచ్‌కి ముప్పై మంది, లేత్‌లు ఆరు, నడిచేవి రెండు. ఒకడు తిప్పుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. డ్రాయింగ్ షీట్లయితే అద్దం కింద బల్బు పెట్టి, సీనియర్ షీటు మీద తెల్ల షీటు పరిచి దిద్దేస్తారు, నాకు తెలిసే సంతకం పెడతాను. జేఎన్‌టీయూలో నాలుగేళ్ల మొత్తం క్రెడిట్లలో ఈ రెండు సబ్జెక్టులవీ కలిపినా ఒక మూలకి రావు, వాటిని తీసేస్తే మిగిలే టైం ఎంతని? మూడో ఏడు సెలవులకి పంపే ఆ ఇంటర్న్‌షిప్‌నైనా వెళ్లి చూసే నాథుడు ఉంటే దొంగ సర్టిఫికెట్ బేరం సగం ఆగుతుంది. ఇంకో మాట, డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ శిక్షణ పోర్టల్ నాట్స్‌లో పేరు నమోదు చేసుకుంటే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఏడాది స్టైపెండ్‌తో పని చేయొచ్చు, ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల్లో నోటిఫికేషన్లు పడుతుంటాయి. మా పిల్లల్లో దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఘట్‌కేసర్_మెక్:
సంతకం పెట్టానని మీరే అంటే మేమేం అనాలి మాస్టారూ. సరే, డ్రాయింగ్ తీసేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ఆ 25, 25 సంగతి చదివి నా మినీ ప్రాజెక్ట్ ఫైలు తెరిచి చూసుకున్నా, నేనూ అచ్చం అలాగే ఇచ్చా. కానీ వర్క్‌షాప్ ఇలాగే ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. నడవని లేత్ ముందు మూడు గంటలు నిలబడేకన్నా వారానికో రోజు బాలానగర్‌లో నిలబడతా. టూల్‌రూమ్ అన్నా, గేటు తీస్తారా మరి?

బాలానగర్_టూల్‌రూమ్:
తీస్తా. 1968లో పెట్టిన టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీ ఉంది కదా, దానికి దగ్గర్లోనే మా షెడ్డు, మెసేజ్ చెయ్, దారి చెప్తా. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం ఉంది. మొదటి వారం మిషన్ ముట్టుకోనివ్వను, ముక్కలు కొలిచి పుస్తకంలో రాయడమే. శనివారం ఎనిమిదిన్నరకి వచ్చెయ్, ఆ మినీ ప్రాజెక్ట్ డ్రాయింగ్ ప్రింట్ తీసుకుని రా. చెప్పులతో వస్తే మాత్రం లోపలికి రానివ్వను, చిప్స్ (ఇనప తురుము) గుచ్చుకుంటాయి, బూట్లు వేసుకో.

కోడింగ్_కుర్రోడు:
అన్నా, సీఎస్‌ఈ వాళ్లకి భోజనం ఉందా?