లేఖకూ డైరీకీ చట్రం ఇచ్చి నేర్పితే పిల్లలకు ఇంగ్లీషు రాయడం వస్తుందా?

కోనసీమ టీచర్:
పదో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. పేపర్లో డిస్కోర్సులు ఉంటాయి: లేఖ, డైరీ, సంభాషణ, జీవిత విశేషాలు. వెనకబడిన పిల్లలు గట్టెక్కాలని ఒక్కో డిస్కోర్సుకూ రెడీమేడ్ చట్రంతో మెటీరియల్ తయారుచేసి ఇస్తాం. ఫలితం ఏమిటంటే, ఏ పాఠం మీద డైరీ అడిగినా సగం క్లాసు "డియర్ డైరీ, టుడే ఈజ్ యాన్ అన్‌ఫర్గెటబుల్ డే ఇన్ మై లైఫ్" అనే మొదలుపెడుతుంది. తండ్రి పోయిన పాత్ర డైరీ అయినా అదే వాక్యం, బహుమతి గెలిచిన పాత్ర డైరీ అయినా అదే వాక్యం.

మా స్కూల్లో ఒక సార్ ఇదేమీ తప్పు కాదంటున్నారు. జానర్ పద్ధతి అని విదేశాల్లో పేరున్న పద్ధతే ఇది, రచనకు ఉండే రూపాన్ని ముందే చూపించి రాయించాలి అని ఆయన వాదన. నాకు మాత్రం ఇది బట్టీకి పెద్ద పేరు పెట్టడంలా ఉంది. మీరేమంటారు?

పాలమూరు సార్:
మేడమ్, మెటీరియల్ గురించి మీరన్నది నిజం. కానీ దానికీ జానర్ పద్ధతికీ సంబంధం లేదు. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే తేడా తెలుస్తుంది.

1980లలో సిడ్నీలో జిమ్ మార్టిన్, జోన్ రోథరీ అనే పరిశోధకులు ప్రాథమిక పాఠశాలల పిల్లల రాతలు సేకరించి చూశారు. "నీకు తోచింది రాయి, టీచరు అడ్డు రాకూడదు" అన్న పద్ధతి అప్పుడు అక్కడ బాగా నడుస్తోంది. పిల్లలు రాసినవి చాలావరకు నిన్న ఏం చేశాం, ఎక్కడికెళ్ళాం అనే సంగతులూ కథలూ మాత్రమే. ఒక విషయాన్ని వివరించడం, కారణాలు చెప్పి వాదించడం, నివేదిక రాయడం దాదాపు లేవు. పై చదువుల్లో, ఆఫీసుల్లో కావలసింది అవే కదా. చదువుకున్న ఇళ్ళ పిల్లలకు అవి ఇంట్లోనే కొంత అబ్బుతాయి. మిగతా పిల్లలకు బడి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు? హాలిడే అనే భాషావేత్త సిద్ధాంతం ఆధారంగా వాళ్ళు ఈ బోధన పద్ధతిని తయారుచేసుకుని, సిడ్నీలో పేద ప్రాంతాల బడులకు తీసుకెళ్ళారు.

మా క్లాసులో ఇంట్లో ఇంగ్లీషు అక్షరం కూడా కనబడని పిల్లలే ఎక్కువ. వాళ్ళకు "స్వేచ్ఛగా రాయండి" అంటే తెల్ల కాగితం ముందు కూర్చోబెట్టి వదిలేసినట్టే.

తెనాలి పాఠకుడు:
సార్, ఆ వాదనకు అవతలి పక్షం కూడా ఉంది. కెనడాలో అవివా ఫ్రీడ్‌మన్ అనే పరిశోధకురాలు లా కోర్సు చదివే విద్యార్థులను గమనించారు. ఎవరూ నమూనాలు ఇవ్వకుండానే, నియమాలు చెప్పకుండానే, వాళ్ళు ఆ కోర్సుకు తగిన రీతిలో వ్యాసాలు రాయడం నేర్చుకున్నారు. దాని మీదే 1993లో ఆవిడ ప్రశ్న వేశారు: రూపాన్ని విడమరిచి చెప్పడం అవసరమా? అసలు చెప్పడం సాధ్యమా? ఒక్కోసారి హాని చేయదా?

హాని అన్న మాట నేను నమ్ముతాను. రూపం ముందు ఇస్తే పిల్లవాడు చెప్పాల్సిన సంగతిని పక్కనపెట్టి గళ్ళు నింపుతాడు. మేడమ్ చెప్పిన డైరీ వాక్యమే దీనికి సాక్ష్యం. ముందు తెలుగులోనైనా సరే రాయనివ్వండి, తర్వాత మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ పోతే రూపం దానంతట అదే వస్తుంది.

పాలమూరు సార్:
ఆ లా విద్యార్థుల చుట్టూ రోజూ ఆ భాషే కదండీ! పుస్తకాల్లో అదే, లెక్చర్లలో అదే. మా పిల్లలకు ఇంగ్లీషు లేఖ అన్నది పుస్తకం బయట ఎక్కడ కనబడుతుంది?

మీరిద్దరూ మాట్లాడుతున్నది నమూనా చూపించడం గురించి, పిల్లవాడు ఒంటరిగా రాయడం గురించి. ఈ రెంటికీ మధ్య టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద రాసే మెట్టు ఒకటి ఉంది. అసలు బోధనంతా అక్కడే జరుగుతుంది. మనం వదిలేస్తున్నదీ దాన్నే.

మా బడి గేటు ముందు వాన నీళ్ళు నిలిచిపోతాయి. దాని మీద పంచాయతీ కార్యదర్శి గారికి లేఖ రాద్దామన్నాను. ఒక పిల్ల లేచి "వి ఆర్ సఫరింగ్ సర్" అంది. బోర్డు మీద రాశాను. "చదివేది ఎవరమ్మా?" అని అడిగాను. "కార్యదర్శి సారు." "ఆయన మన గేటు చూశాడా?" చూడలేదన్నారు. "మరి బాధ గురించి ముందు చెప్తే ఆయనకేం తెలుస్తుంది?" అప్పుడు ఇంకొకడు "ఫస్ట్ వాటర్ రాయాలి సార్" అన్నాడు. ఎక్కడ, ఎప్పటినుంచి అని అడుగుతూ పోతే చివరికి "రెయిన్ వాటర్ హాజ్ బీన్ స్టాండింగ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ అవర్ స్కూల్ గేట్ సిన్స్ మండే" అన్న వాక్యం వచ్చింది. ఎన్ని వర్క్‌షీట్లు ఇచ్చినా ఎక్కని "హాజ్ బీన్" ఆ రోజు అవసరంగా వచ్చింది. సఫరింగ్ వాక్యం చెరపలేదు, కిందికి దించాం. లేఖలో ఏది ముందు రావాలో పిల్లలే తేల్చుకున్నారు. దీన్ని బట్టీ అనగలరా?

మెటీరియల్లోని లేఖకు చదివేవాడంటూ ఎవరూ ఉండరు. అక్కడే చెడిపోయింది.

ఉప్పల్ స్కాలర్:
పీహెచ్‌డీ చేస్తున్నాను, తెలుగు మీడియంలో చదివాను. పరిశోధన వ్యాసాలకు మొదటి పేజీ ఎలా రాయాలో నాకు ఎవరూ చెప్పలేదు. జాన్ స్వేల్స్ అనే భాషావేత్త 1990 పుస్తకంలో చూశాను: ముందు ఈ రంగం ఎందుకు ముఖ్యమో చెప్పాలి, తర్వాత ఇంతవరకు తేలని ఖాళీ చూపించాలి, ఆపైన ఈ వ్యాసం ఏం చేస్తుందో చెప్పాలి. తర్వాత మా రంగం వ్యాసాలు తీసి గీతలు గీసుకుంటూ చదివితే "హౌఎవర్" సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే ఎక్కువగా కనబడింది. ఇది ముందే తెలిస్తే నాకు చాలా కాలం కలిసొచ్చేది. స్వేల్స్ ఆ చట్రాన్ని ఊహించి రాయలేదు, అచ్చయిన వ్యాసాల్లోంచి తీశారు. అమెరికా అప్లికేషన్ల కోసం కన్సల్టెన్సీలు ఇచ్చే ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) నమూనాల్లో లేనిదే అది. అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి.

కోనసీమ టీచర్:
పాలమూరు సార్, మీ పాఠం చదివాక రేపే చేయాలనిపిస్తోంది. కానీ సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? అన్ని డిస్కోర్సులకూ ఇలా బోర్డు మీద రాయించాలంటే కుదరదు కదా.

పాలమూరు సార్:
అన్నిటికీ వద్దు మేడమ్. నేను లేఖ ఒక్కటే నిదానంగా చేయిస్తాను. చదివేది ఎవరు, ఆయనకు ముందు ఏం తెలియాలి అని అడగడం అలవాటైతే నోటీసుకూ వార్తకూ వాళ్ళే అడుగుతారు. డైరీకి మాత్రం నేను చట్రమే ఇవ్వను, తనకోసం తాను రాసుకునేదానికి ఎందుకు?

తెనాలి పాఠకుడు:
డైరీ విషయంలో మీతో కలుస్తాను. బోర్డు మీద కలిసి రాయడం కూడా ఒప్పుకుంటాను సార్. నా అభ్యంతరం వరుస గురించి. మీ క్లాసులో ఆ పిల్ల ముందు తనకు తోచిన వాక్యం చెప్పింది, మీరు దాని మీద పని మొదలుపెట్టారు. నమూనా లేఖ ముందే చూపించి ఉంటే "వి ఆర్ సఫరింగ్" వచ్చేదా? నా లెక్కలో ముందు పిల్లల చిత్తుప్రతి ఉండాలి, తర్వాతే నమూనా.

పాలమూరు సార్:
ఆ పిల్ల ధైర్యంగా లేచి చెప్పేది కాబట్టి చెప్పింది. వెనక బెంచీల్లో నోరు తెరవని వాళ్ళకు ముందు ఒక మంచి లేఖ చదివి వినిపించాల్సిందే. వరుస దగ్గర మీతో ఒప్పుకోలేను.